లేతుకి క్యారేజీ స్టాపు చేసుకోవడం, స్టెప్పు పొడుగు తేడా రాకుండా వాడుకోవడం

తమ్ముడూ, నువ్వడిగింది ముందు రెండు ముక్కల్లో చెప్తా, చదివే మిగతావాళ్ళకి కూడా తెలవాల గదా. సెకండ్ హ్యాండులో ఆరడుగుల లేతు (ఇనుముని తిప్పి కోసే మిషను) తీసుకున్నావు, చీమకుర్తి క్వారీ మిషన్లకి స్టెప్పు పిన్నులు చేస్తన్నావు, 40 ఎంఎం రాడ్డుని ఒక కొస 32 ఎంఎంకి దించాల, ఆ సన్నబడిన భాగం, అదే స్టెప్పు, దాని పొడుగు 62 ఎంఎం రావాల, నీకేమో ఒకటి 61.7 వస్తంది ఇంకోటి 62.4 వస్తంది, స్కేలు పెట్టి గీత గీసుకుని కన్నుతో చూసి ఆపుతున్నావు. టూలుని మోసుకుని నడిచే క్యారేజీ ప్రతిసారీ ఒకే చోట ఆగేట్టు స్టాపు పెడదామంటే మిల్లింగ్ మిషను లేదు, బెడ్డు మీద సీ క్లాంపు బిగిస్తే చాలదా అన్నావు.

చాలదు, సీ క్లాంపు మాట వదిలెయ్. క్యారేజీ నడిచే బెడ్డు మీద తలకిందుల వీ ఆకారం గట్టు ఉంటది గదా, ఆ వీ మీద దానికి కూర్చునే చోటే ఉండదు, వీ కొన మీద సన్నగా ఆనిద్ది, క్యారేజీ నాలుగుసార్లు తగిలేసరికి కొంచెం జరిగిద్ది, జరిగిందని నీకు తెలవదు, సగం పీసులు అయినాక వెర్నియర్ పెడితే అప్పుడు తెలిసిద్ది. పైగా క్లాంపు పాదం వీ మీద నొక్కు వేసిందంటే ఆ నొక్కు మీద నుంచే రోజూ శాడిల్ (క్యారేజీ అడుగు భాగం) నడవాల. అట్టాంటి పని చేసిన బెడ్డులు మన ఒంగోల్లో చాలా షాపుల్లో చూశా, హెడ్‌స్టాక్ (చక్ ఉండే వైపు) దగ్గర వీ చూస్తే ఎలకలు కొరికినట్టు ఉంటది.

స్టాపు ఎట్టా చేయాలో చెప్తాగానీ దానికంటే ముందు ఒకటి గమనించు. స్టాపు క్యారేజీని ఒకే చోట ఆపుద్ది, అంతే. చక్‌లో (జాబ్‌ని, అంటే మనం కోసే ముక్కని, జాలతో అంటే దవడలతో పట్టుకుని తిప్పేది) జాబ్ ఒక్కోసారి ఒక్కో లోతులో కూర్చుంటే స్టాపు ఎంత గట్టిగా ఉన్నా పొడుగు తేడా వస్తానే ఉంటది. నువ్వు రాడ్డుని కటింగ్ మిషను మీద కోసి తెస్తన్నావు, ఆ కోసిన మొహం ఏ పీసుకి ఆ పీసు వంకర, దాన్ని త్రీ జా చక్‌లో పెట్టి బిగిస్తే ఒకటి అర ఎంఎం లోపలికి పోద్ది ఒకటి బయటికి ఉంటది. ఇప్పుడు నువ్వు ముందు మొహం ఫేసింగ్ (కొసని చదునుగా కోయడం) కన్ను అంచనాతో చేసి తర్వాత స్టెప్పు స్టాపు దాకా తిప్పావనుకో, స్టెప్పు చివర కరెక్టుగా ఒకే చోట వచ్చిద్ది, మొహం మాత్రం పీసు పీసుకి వేరే చోట ఉంటది. పొడుగంటే ఈ రెండిటి మధ్య దూరమే గదా, మరి ఒక కొస కట్టేసి రెండో కొస వదిలేస్తే ఎట్టా?

చాలామంది దీనికి స్పిండిల్ బోరులో (చక్ వెనక ఉండే బొక్కలో) వెనక నుంచి ఒక డమ్మీ ముక్క పెట్టి దాని మీద జాబ్ ఆనిస్తారు. మంచిదే, కానీ దానికి నీ పీసులు వెనక మొహం కూడా ముందే ఫేసింగ్ అయి ఉండాల, లేకపోతే వంకర మొహం ఆనితే ఏం లాభం. నీ పనికి ఇంకో సుళువైన దారి ఉంది, స్పేసరు.

62.00 పొడుగు ఉన్న ఒక గుండ్రటి ముక్క చేసుకో, 16 లేదా 20 పాలిష్ రాడ్డు చాలు. జాబ్ చక్‌లో ఎట్టా కూర్చుంటే అట్టా కూర్చోనీ, బిగించు. స్టాపుకీ శాడిల్‌కీ మధ్య ఆ స్పేసరు పెట్టి క్యారేజీని దానికి ఆనించి క్రాస్ స్లైడు (టూలుని అడ్డంగా నడిపేది) ఒక్కటే నడిపి ముందు మొహం ఫేసింగ్ చెయ్. తర్వాత స్పేసరు తీసెయ్, అదే టూలుతో టర్నింగ్ చేసుకుంటా స్టాపు దాకా వచ్చి షోల్డర్, అంటే 40కీ 32కీ మధ్య గట్టు, కొట్టు. మొహం కోసిందీ అదే టిప్పు కొసే, షోల్డర్ కోసిందీ అదే టిప్పు కొసే, మధ్యలో క్యారేజీ నడిచింది సరిగ్గా స్పేసరు అంత దూరం. అంటే స్టెప్పు పొడుగు స్పేసరు పొడుగే, జాబ్ చక్‌లో యాడ కూర్చుందో దాంతో సంబంధం లేదు. చేయాల్సింది ఏందంటే ఫేసింగ్‌కి ప్రతి పీసుకీ ఒక ఎంఎం, ఎంఎంన్నర అదనం ఉండేట్టు కోసుకోవడం, రెండు కోతల మధ్య జాబ్ చక్‌లో కదలకుండా చూసుకోవడం, కాంపౌండ్ స్లైడు (టూలు కింద ఉండే చిన్న స్లైడు) ముట్టుకోకపోవడం. కాంపౌండ్ గిబ్బు (స్లైడు వదులు తీసే పట్టీ) స్క్రూలు బిగించి లాక్ చేసి పెట్టు, అది వదులుగా ఉంటే కోత బరువుకి టూలు వెనక్కి జరిగిద్ది, అప్పుడు మళ్ళీ స్టాపుని తిట్టుకుంటావు.

సరే, ఇక స్టాపు. వీ మీద కూర్చునే ఒక బ్లాకు, దాన్ని కింద నుంచి బెడ్డుకి పట్టే అడుగు ప్లేటు, క్యారేజీ వచ్చి ఆనే స్క్రూ, ఈ మూడే.

పని మొదలుపెట్టే ముందు కింద వంగి చూడు, లైటు వేసి. బెడ్డు ముందు వైపు వీ కింద పెదవిలాగా ఒక అంచు ఉంటది, స్టాపు అడుగు ప్లేటు పట్టుకోవాల్సింది ఆ అంచునే. చిక్కేందంటే చాలా లేతుల్లో క్యారేజీ నడిచే రాక్ (పళ్ళ పట్టీ) అక్కడే బోల్టులతో బిగించి ఉంటది. రాక్‌కీ అంచుకీ మధ్య ఎంత సందు ఉందో ఒక ఫ్లాటు ముక్క దూర్చి చూసుకో. 10 ఎంఎం ఫ్లాటు దూరితే ముందు వైపు నుంచే పట్టొచ్చు. దూరకపోతే ప్లేటుని లోపలి వైపు నుంచి, అంటే ముందు పట్టాకీ వెనక పట్టాకీ మధ్య ఉండే ఖాళీలోంచి కిందకి దించి పట్టాల, అప్పుడు బ్లాకు వెడల్పు పెరుగుద్ది, అడ్డ రిబ్బులు తగలకుండా ప్లేటు పొట్టిగా ఉండాల. ఈ కొలత చూసుకోకుండా బ్లాకు కోసి కూర్చుంటే ఆ బ్లాకు తలుపుకి అడ్డం పెట్టుకోవడానికే.

బ్లాకుకి ఎమ్మెస్ (మామూలు మెత్త ఇనుము) చాలు, కాస్ట్ ఐరన్ ముక్క దొరికితే ఇంకా మంచిది, బెడ్డుని గీకదు. సుమారు 70 పొడుగు, 45 వెడల్పు, 45 ఎత్తు. ఎత్తు మాత్రం నీ చక్‌ని చూసి ఫిక్స్ చేసుకో, జాలు బాగా తెరిచినప్పుడు బయటికి వచ్చే కొసలు బ్లాకుకి తగలకూడదు, బ్లాకు చక్ కిందకి జరిపి చేత్తో చక్ ఒక చుట్టు తిప్పి చూడు. ఇది చూడకుండా స్విచ్ వేయొద్దు.

మిల్లింగ్ మిషను లేదని నీకు భయం బ్లాకు అడుగున వీ మీద కూర్చునే గాడి గురించి. వీ మీద కరెక్టుగా కూర్చోవాలంటే షేపర్ (టూలు ముందుకీ వెనక్కీ నడిచి కోసే మిషను) ఉన్న షాపుకి తీసుకుపోయి కొట్టించొచ్చు, పాత వర్కుషాపుల్లో ఇంకా షేపర్లు మూల పడి ఉన్నాయి, అడిగితే చేస్తారు. ముందుగా అట్ట ముక్క కత్తిరించి నీ వీ కోణం తీసుకో, అన్ని బెడ్డులకీ 90 డిగ్రీలు ఉండదు, రెండు వైపులా వాలు సమానంగా ఉండాలనీ లేదు. షేపర్ కూడా వద్దనుకుంటే ఇంకో పద్ధతి, నేను ఎక్కువ మందికి చెప్పేది ఇదే: హాక్సా, ఫైలుతో గాడిని ఉజ్జాయింపుగా తీసి రెండు ఎంఎం వదులుగా ఉంచెయ్, ఆ వదులుని ఎపాక్సీతో నింపు.

బెడ్డు మీద స్టాపు కూర్చునే చోట కిరసనాయిలుతో శుభ్రంగా తుడిచి మైనం పాలిష్ పల్చగా పట్టించు, ఆరినాక గుడ్డతో రుద్ది ఇంకో పొర పట్టించు, ఎపాక్సీ బెడ్డుకి అంటుకోకుండా కాపాడేది అదే కాబట్టి ఈడ పిసినారితనం వద్దు. వీ కొన మీద సన్నగా ఒక ఇన్సులేషన్ టేపు ముక్క నిలువునా అంటించు, దానివల్ల గాడి లోపలి మూలలో కొంచెం ఖాళీ వచ్చిద్ది, బ్లాకు వీ రెండు వాలుల మీదే కూర్చుంటది, కొన మీద ఊగదు. బ్లాకు గాడి లోపల హాక్సా బ్లేడుతో అడ్డదిడ్డంగా గీతలు పెట్టు, సన్న డ్రిల్లుతో అక్కడక్కడా గుంటలు వెయ్, థిన్నరుతో తుడువు, తర్వాత ఎం-సీల్ గానీ స్టీలు పొడి కలిసిన ఎపాక్సీ గానీ పట్టించి వీ మీద నొక్కు. బ్లాకు పై మొహం సమంగా ఉందో లేదో చూసుకుని అంచుల వెంట పొంగింది పచ్చిగా ఉండగానే తీసెయ్. డబ్బా మీద ఎన్ని గంటలని రాసినా మర్నాటి దాకా కదిలించొద్దు. మర్నాడు చెక్క సుత్తితో బెడ్డు పొడుగు దిక్కున చిన్నగా తడితే ఊడి వచ్చిద్ది. ఎపాక్సీ విరుగుద్దేమో అని అడుగుతారు, కింద ప్లేటు బిగించినప్పుడు దాని మీద పడేది నొక్కుడే, లాగుడు కాదు, ఏం కాదు.

షేపర్ మీద కొట్టించినా ఎపాక్సీ పోసినా చివర్లో మార్కింగ్ బ్లూ పరీక్ష చెయ్. వీ మీద బ్లూ (తగిలిన చోట అంటే నీలం రంగు) పల్చగా రాసి బ్లాకు పెట్టి అర అంగుళం అటూ ఇటూ జరిపి తీసి చూడు. రెండు వాలుల మీదా, ఈ చివర ఆ చివర కూడా బ్లూ అంటితే సరిపోయినట్టే. మధ్యలో మాత్రమే అంటిందంటే బ్లాకు ఊగుద్ది, ఆ బ్లూ అంటిన చోట స్క్రేపరుతో గానీ సన్న ఫైలుతో గానీ తీసుకుంటా పో. ఇంకోటి, పాత లేతుల్లో చక్ దగ్గర వీ అరిగి ఉంటది, టెయిల్‌స్టాక్ వైపు కొత్తగా ఉంటది. టెయిల్‌స్టాక్ వైపు ఖాళీగా ఉంది గదా అని అక్కడ ఫిట్టింగ్ చేసుకుంటే హెడ్‌స్టాక్ వైపు పెట్టినప్పుడు లొటలొటలాడిద్ది. వాడే చోటే ఫిట్ చేసుకో. బ్లాకు అడుగు చదును చూసుకోవడానికి నీకు చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ పాలిష్ ముక్కలు దండిగా దొరుకుతాయి, అది సర్ఫేస్ ప్లేటు అంత కాదుగానీ మన ఈ పనికి ఎక్కువే.

అడుగు ప్లేటు 10 ఎంఎం మందం, ఎం8 అలెన్ బోల్టులు రెండు. బ్లాకులో 6.8 డ్రిల్లు వేసి ఎం8 ట్యాపు కొట్టి బోల్టులు కింద నుంచి ఎక్కించొచ్చు, కానీ కింద చెయ్యి దూరక అలెన్ కీ తిరగక రోజూ తిట్టుకుంటావు, అందుకని పైనుంచి బోల్టు దూర్చి ట్యాపు ప్లేటులోనే కొట్టు. ప్లేటు బయటి చివర పైన, ప్లేటుకీ బ్లాకుకీ మధ్య, మడమలాగా ఒక సన్న ముక్క ఉండాల, అది బెడ్డు అంచు కంటే అర ఎంఎం ఎక్కువ మందం ఉంటే బిగించినప్పుడు ప్లేటు లోపలి కొస అంచుని బాగా పట్టిద్ది. మడమ తక్కువైతే ప్లేటు వంగి బోల్టు దగ్గరే పట్టు ఆగిపోద్ది, బ్లాకు జరిగిద్ది. అంచు కింద మొహం రంగు, గరుకు ఉంటే ముందు ఫైలుతో శుభ్రం చెయ్, ప్లేటు మీద రాగి రేకు అంటించుకుంటే ఇంకా బాగా పట్టిద్ది.

ఇక ఆనే స్క్రూ. ఎం10 × 1 పెట్టు, ఒక చుట్టుకి సరిగ్గా ఒక ఎంఎం నడుస్తది. మామూలు ఎం10 పిచ్ 1.5, దాంతో లెక్క చూసుకోవడం చిరాకు. ఎం10 × 1 ట్యాపు కోసం వెతకబాక, చిన్న బైకుల స్పార్క్ ప్లగ్గు చాలావాటికి అదే మర, ప్లగ్గు మర పాడైతే బాగు చేసే మెకానిక్ దగ్గర ఆ ట్యాపు ఉంటది, 9 ఎంఎం డ్రిల్లు వేసుకుని పో. స్క్రూ మర నీ లేతు మీదే కోసుకో. కొస గుండ్రంగా చేసి ఎర్రగా కాల్చి నూనెలో ముంచితే గట్టి పడటానికి అది ఎమ్మెస్ కాకూడదు, ఈఎన్8 (కార్బన్ ఎక్కువున్న స్టీలు) అయినా ఉండాల, లేదంటే కొసలో చిన్న గుంట చేసి పాత బేరింగు గోళీ ఒకటి అంటించు. లాక్ చేయడానికి పక్క నుంచి ఎం6 గ్రబ్ స్క్రూ (తల లేని స్క్రూ), దాని ముందు ఒక ఇత్తడి ముక్క వెయ్, స్క్రూ మర నలగదు.

స్క్రూ తల మీద గీతల డయలు కావాలా అంటే, స్పేసరు పద్ధతిలో చేస్తే అంత అవసరం లేదు, ఎందుకంటే స్క్రూ తిప్పితే మొహమూ షోల్డరూ రెండూ కలిసి జరుగుతాయి, పొడుగు మారదు. కానీ రేపు అడుగు మూసి ఉన్న బుష్షుల బోరింగ్ వస్తది, జాబ్ డమ్మీకి ఆనించి చేసే పని వస్తది, అప్పుడు అవసరం పడుద్ది. సుళువు పద్ధతి: తలని 31.83 డయాకి తిప్పితే చుట్టుకొలత 100 ఎంఎం వచ్చిద్ది. పల్చటి కాగితం మీద రెండేసి ఎంఎంలకి గీతలు పెట్టి చుట్టూ అంటిస్తే 50 గీతలు, గీతకి 0.02. ఆ గీతల్ని చూసుకుంటా చక్ చేత్తో తిప్పి, మొన టూలుని పడుకోబెట్టి క్యారేజీ అటూ ఇటూ నడిపి నిజం గీతలు గీకెయ్. తలకాయ చక్ వైపు ఉంటది కాబట్టి దాన్ని మిషను ఆపినాకనే ముట్టుకో, తిరిగే చక్ కింద చెయ్యి పెట్టే పని ఎప్పుడూ పెట్టుకోబాక.

స్క్రూ శాడిల్‌కి యాడ తగలాలో కూడా చూసుకో. శాడిల్ చివర నూనె తుడిచే ఫెల్టు పట్టీ, దాని రేకు ఉంటాయి, వాటికి తగిలితే మెత్తగా లోపలికి పోద్ది, రీడింగు రాదు. రేకు పక్కన గట్టి కాస్టింగ్ మీద, వీ కి ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గర తగలాల, దూరంగా బయటికి తగిలితే శాడిల్ కొంచెం మెలి తిరుగుద్ది. తగిలే చోట రంగు గీకేసి ఫైలుతో మూలమట్టం పెట్టి నిటారుగా చేసుకో. స్పేసరు పడుకోవడానికి బ్లాకు పక్కన చిన్న ఎల్ యాంగిల్ ముక్క వీ లాగా పైకి తెరిచి బిగిస్తే స్పేసరు దాంట్లో కూర్చుంటది, చేత్తో పట్టుకునే పని ఉండదు. స్పేసరు రెండు కొసలూ బాగా చాంఫర్ కొట్టి (అంచు వాలుగా కోసి) మధ్యలో 8 ఎంఎం మొహం మిగిలేట్టు చెయ్, చిప్పులు ఇరుక్కోవు. ఇంకా పొట్టి స్టెప్పులకైతే పాత రోలర్ బేరింగుల రోలర్లు కొలుచుకుని దాచుకో, గట్టిగా నున్నగా గ్రైండింగ్ అయి రెడీగా ఉంటాయి. మూడు స్టెప్పుల పిన్ను వస్తే స్పేసర్లు మూడు, అంతే. ఆరు స్క్రూల తిరిగే స్టాపు చేద్దామా అనే ఆలోచన ఇప్పుడే వద్దు.

వాడటంలో అసలు కిటుకు చెయ్యి బరువు. మాగ్నెట్ స్టాండు మీద డయల్ గేజీ శాడిల్‌కి పెట్టి చూడు, హ్యాండ్ వీల్ రెండు వేళ్ళతో మెల్లగా తిప్పి ఆనించినప్పుడు ఒక రీడింగు, అరచేత్తో గట్టిగా నొక్కితే ముల్లు ఇంకా రెండు మూడు గీతలు పోద్ది, పాత శాడిల్ అయితే అయిదు గీతలు కూడా. ఏది కరెక్టు అని అడగబాక, ఏదైనా పర్లేదు, రెండు కోతలకీ ఒకే బరువు ఉండాల. రెండు వేళ్ళ పద్ధతి అలవాటు చేసుకో. క్యారేజీ లాక్ బిగించినప్పుడు కొన్ని లేతుల్లో శాడిల్ ఒక పక్కకి లాగుద్ది, అది కూడా గేజీ మీదే చూసుకో, లాక్ వేస్తే రెండిటికీ వెయ్, లేకపోతే దేనికీ వేయొద్దు. ప్రతిసారీ ఆనించే ముందు స్క్రూ కొస బ్రష్షుతో తుడువు, సన్న చిప్పు ఒకటి చాలు నీ లెక్క తప్పడానికి.

మొదటి పీసు చేసి చల్లారినాక కొలువు. వేడి మీద కొలిస్తే తప్పే, స్టీలు 100 ఎంఎంకి 30 డిగ్రీలు పెరిగితే 0.035 దాకా సాగుద్ది, రోహిణి కార్తెలో మన రేకుల షెడ్డులో ఇనుము ఎట్టా ఉంటదో నీకు చెప్పాలా. మొదటి పీసు 62.03 వస్తే ఆ 0.03 ప్రతి పీసుకీ వచ్చే తేడానే, శాడిల్ మొహం కొంచెం వాలి ఉండొచ్చు, స్పేసరు అంత తగ్గించు, అయిపోద్ది.

ఆటో ఫీడు సంగతి. నీ లేతుకి ఫీడు దానంతట అదే వదిలేసే ట్రిప్పు లేదన్నావు కాబట్టి ఫీడు వేసి స్టాపుకి కొట్టించబాక. స్టాపు గట్టిగా ఉంటే ఆప్రాన్ (క్యారేజీ ముందు ఉండే గేర్ల పెట్టె) లోపల ఏదో ఒకటి విరగాల, అదృష్టం ఉంటే షియర్ పిన్ను, లేకపోతే గేరు పళ్ళు. దానికని బోల్టులు వదులుగా బిగించి తగిలితే జరిగేట్టు పెట్టుకునేవాళ్ళు ఉన్నారు, మరి జరిగే స్టాపు ఎందుకు? స్టాపుకి రెండు ఎంఎం ముందే ఫీడు తీసేసి చేత్తో ఆనించు. మర కోసేటప్పుడైతే స్టాపుని బెడ్డు మీద నుంచి పూర్తిగా తీసి పక్కన పెట్టు, క్యారేజీని లీడ్ స్క్రూకి (మర కోసేటప్పుడు క్యారేజీని లాగే పొడుగు స్క్రూకి) కలిపే హాఫ్ నట్ పట్టి ఉన్నప్పుడు అది లాగే లాగుడికి అడ్డం ఏదున్నా నష్టం పెద్దది.

పిన్ను రెండో వైపు మొత్తం పొడుగు గురించి కూడా అడిగావు. తిప్పి పట్టినప్పుడు 32 స్టెప్పుని చక్‌లోకి దూర్చి షోల్డర్‌ని మూడు జాల మొహాలకి ఆనించి బిగించు, అప్పుడు జాబ్ ప్రతిసారీ ఒకే చోట కూర్చుంటది, స్పేసరు లేకుండా స్టాపు ఒక్కటే చాలు, ఆ డయలు స్క్రూ పనికొచ్చేది ఈడ. ఆనించేటప్పుడు జాల మొహాలు తుడువు, షోల్డర్ మూలలో బర్రు (కోత అంచు మీద మిగిలే ముల్లు) లేకుండా చూసుకో, బిగిస్తా చిన్న రాగి సుత్తితో ఒకసారి తట్టు.

ముందు ఆ రాక్ దగ్గర సందు కొలిచి, కింద నుంచి ఒక ఫోటో తీసి పెట్టు. ప్లేటు ముందు నుంచి పట్టించాలో లోపల నుంచి పట్టించాలో చూసి చెప్తా, బ్లాకుకి ఇనుము ఆ తర్వాత కోద్దువు.